నోట్లో వేలు

రోప్‌వే టిక్కెట్ల గదికి తాళం వేసి ఇల్లు చేరేసరికి ఏడు దాటుతుంది.
రియోనీ నది మీద వాన ఇంకా పడుతూనే ఉంటుంది.
గుమ్మంలో మూరా
తోకతో చెప్పుల్ని చెల్లాచెదురు చేస్తుంది.
ముందు నా చేతులు కడుక్కుంటాను,
తరవాత దాని పళ్ళు.

మూడేళ్ళ కిందట బజారు వెనక దొరికింది.
చెవికి పసుపుపచ్చ బిళ్ళ,
మునిసిపాలిటీ వాళ్ళు సూది వేసి వదిలిన గుర్తు.
వంటింట్లో అది ఆవలిస్తే
పక్కవాటా గుల్నాజీ కిటికీ వేసుకునేది.
రొట్టెముక్కని ఎడమవైపుకి నెట్టి నెట్టి నమిలేది.
గారం అనుకున్నాను.
నొప్పి.

డాక్టర్ ఇర్మా పెదవి ఎత్తి చూపించింది:
పంటి మొదట్లో గోధుమరంగు గార,
కెటిల్ అడుగున పట్టినట్టు.
చిగుళ్ళంటే చిగుళ్ళలాగే లేతగా ఉండాలి.
ఇవి ముట్టుకుంటే నెత్తురు.
మత్తిచ్చి కుడివైపు రెండు దవడపళ్ళు తీసేసింది.
నా జీతంలో సగం వాటితో పాటే ఊడింది.
"మిగిలినవి నీ చేతిలో ఉన్నాయి" అంది.
మాటవరసకి అనుకున్నాను.

మొదటి వారం వేలికొనకి పేస్టు రాసి నాకనిచ్చాను, అంతే.
కోడిమాంసం రుచిది. మనుషులది వద్దంది ఇర్మా,
పుక్కిలించి ఉమ్మడం దానికి రాదు,
మనకి తీపైనది దానికి విషం కావచ్చు.
రెండో వారం పెదవి మీద చెయ్యి.
మూడో వారం వేలికి తడిగుడ్డ చుట్టి
కోరపన్ను ఒక్కటే తోమాను.
గుర్రుమంది.
ఆగాను.
మర్నాడు మళ్ళీ ఆ ఒక్కటే.

ఒక్కరోజు మానితే ఏమవుతుంది?
ఏమీ కాదు.
అలా రెండు రోజులు, మూడు రోజులు ఏమీ కాకుండానే
మెత్తటి పాచి రాయైపోతుంది.

అమాయకుల గురించి అంటారు కదా,
నోట్లో వేలు పెట్టినా కొరకరని.
మూరా అమాయకురాలు కాదు.
వీధిలో ఆ పళ్ళే దానికి ఇల్లు, తలుపు, గొళ్ళెం.
ఒక లారీ డ్రైవరు పిక్క మీద నాలుగు గుంటలు
దీనివేనని బజారంతా ఎరుగు.
కొరకగలదు.
కొరకదు.
ఈ రెండు మాటల మధ్య సందులో
రాత్రిపూట రెండు నిమిషాలు
నా చూపుడువేలు తిరుగుతుంది.

మాంసం కొట్టు వలేరికో
ఆవు మోకాలి ఎముక కాగితంలో చుట్టి ఇస్తాడు, ప్రేమగా.
బొటనవేలి గోరు నొక్కి చూస్తాను.
సొట్ట పడకపోతే తిరిగిచ్చేస్తాను,
గోటికి లొంగని ఎముక పంటిని చీలుస్తుంది.
"తోడేలుకి బ్రష్షు ఎవడు పెట్టాడు?" అన్నాడోసారి.
"ముసలి తోడేలుని నువ్వెప్పుడైనా చూశావా?" అన్నాను.
కత్తి దించి కాసేపు ఆలోచించాడు.
అప్పట్నుంచీ ఎండిన గొంతుగొట్టం ముక్కలు
మా కోసం పక్కన పెడుతున్నాడు.

నిన్న కరెంటు పోయింది.
కొవ్వొత్తి కోసం లేవబుద్ధి కాలేదు.
నేల మీదే కూర్చుని చీకట్లో పెదవి ఎత్తాను.
పన్నూ చిగురూ కలిసే గీత వెంట
చిన్నచిన్న సున్నాలు చుట్టుకుంటూ,
బయటివైపే. లోపలి సంగతి చాలావరకు దాని నాలుక చూసుకుంటుంది.
కోర.
దాని వెనక బుల్లివి, ఒకటి, రెండు, మూడు.
కత్తెరలా తెగే పెద్దది.
ఆ తరవాత నున్నటి ఖాళీ.
అక్కడ వేలు దానంతటదే నెమ్మదిస్తుంది.

నాకూ కుడివైపే, దాదాపు అక్కడే, ఒక ఖాళీ ఉంది.
పక్కది రెండేళ్ళుగా కదులుతోంది.
నేనూ ఎడమవైపే నములుతాను.
ఎవరూ పెదవి ఎత్తి చూడలేదు.

పేస్టు రుచి అయిపోయాక కూడా
మూరా నా వేలు వదల్లేదు.
పళ్ళ మధ్య, బరువు వేయకుండా,
గుడ్డుని పట్టుకున్నట్టు పట్టుకుని
కరెంటు వచ్చేదాకా అలాగే కూర్చుంది.

రేపు ఇర్మాకి ఫోన్ చెయ్యాలి.
మనుషుల పళ్ళు చూసేవాళ్ళు
తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారేమో అడగాలి.